పెదవి గీసే రోజు

పెదవి గీసే రోజున ఆ ఇంట్లో పొద్దున్నే ఫ్యాను ఆపేసేవారు. రేడియో పెట్టేవారు కాదు. వీధి తలుపు కిర్రుమనకుండా సందులో గుడ్డ కుక్కేవారు. అక్క బీపీ మాత్ర వేసుకునేది కాదు.

మిగతావన్నీ చెల్లెలికి అలవాటైపోయాయి. ఆ మాత్ర సంగతే ఆమెకు గొంతులో ముల్లులా ఉండేది.

బట్టల దుకాణాల్లో అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలకు మరమ్మతు చేయడం వాళ్ళ పని. ఇంటి ముందు గదే వాళ్ళ వర్క్‌షాపు. రంగు వెలిసినవి, ముక్కు చెక్కుకుపోయినవి, వేళ్ళు ఊడినవి వ్యాన్లో వస్తాయి. కొన్నాళ్ళు గోడ వారగా నిలబడి, ఒళ్ళు బాగుచేయించుకుని వెళ్ళిపోతాయి. పాత రంగు గీకడం, పుట్టీ పెట్టడం, కొత్త రంగు కొట్టడం చెల్లెలి వంతు. చేతులూ కాళ్ళూ బిగించడానికి ఒకాయన వస్తాడు. ఆయన్ని వీధి వీధంతా చేతులాయన అనే పిలుస్తుంది. "కాళ్ళు కూడా నేనే కదండీ పెట్టేది" అని ఆయన మొదట్లో గొణిగేవాడు. తర్వాత తర్వాత ఆయన భార్య కూడా అలాగే పిలవడం మొదలుపెట్టేసరికి ఊరుకున్నాడు.

ముఖం మాత్రం అక్కది. కళ్ళూ కనుబొమలూ ఆమె ఏ రోజైనా వేస్తుంది. రెండు పెదవుల నడుమ ఉండే సన్నటి గీతకే ఒక రోజు కావాలి. ఆ గీత ఎడమ చివర మొదలై కుడి చివర దాకా కుంచె ఎత్తకుండా ఒక్క ఊపిరిలో పడాలి. మధ్యలో ఊపిరి తీస్తే బొమ్మ మూతి ముడుచుకున్నట్టు ఉంటుంది. తల ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో దాని గడ్డం పట్టుకుని, ఎదురుగా గుండ్రటి అద్దం నిలబెట్టుకుని, తన పెదవులను ఎలా కావాలో అలా ఉంచుకుని, ఆ అద్దంలో చూసి గీసేది. "నేను నవ్వితే ఇది నవ్వుతుంది. నేను ఏడిస్తే కొట్టువాడు ఏడుస్తాడు" అనేది.

ఆ సమయంలో ఎవరూ ఆమె ఎదుట కూర్చోకూడదు. చెల్లెలు తడిక వెనక రంగులు కలుపుతూ కూర్చునేది. అటునుంచి కుంచె చప్పుడు కూడా వినపడదు. అక్క ఊపిరి ఆగడం మాత్రం తెలుస్తుంది. మళ్ళీ ఊపిరి వదిలేదాకా చెల్లెలు కూడా ఊపిరి బిగబట్టేది. ఒక్కోసారి అటు ఊపిరి రావడం ఆలస్యమయ్యేది. అప్పుడు ఈమె రంగు కలపడం ఆపేసి తడిక వైపు చెవి పెట్టేది.

"ఒక్క మాత్ర. వేసుకుని గీయొచ్చు కదా అక్కా."

"వేసుకుంటే తల తేలిపోతుందే. గీత వణుకుతుంది. రేపు రెండు వేసుకుంటాలే."

"అదేమన్నా వాయిదానా, రేపు కలిపి కట్టడానికి?"

"పొద్దున్నే నీ నోట్లోంచి ఒక మంచి మాట రాదు కదా. నాకేమైంది? తల నొప్పా, తిప్పా? గుండ్రాయిలా ఉన్నాను."

నిజమే, గుండ్రాయిలాగే ఉండేది. అంత వయసులోనూ బస్తా ఒంటిచేత్తో జరిపేది. ఒకప్పుడు పెదవి గీసే రోజు వారానికి ఒకటి వచ్చేది. ఆ ఏడాది ఊళ్ళో పాత దుకాణాలన్నీ ఒక్కసారిగా కొత్త అద్దాలు పెట్టించుకున్నాయి. గోడ వారగా బొమ్మలు రెండు వరసలయ్యాయి. రోజూ పెదవి గీసే రోజే అయింది.

చెల్లెలికి భయం కొత్తేమీ కాదు. ఎవరు గుమ్మం దాటినా అదే చివరిసారేమో అనిపించే మనిషి ఆమె. పెళ్ళైన రెండో ఏట పని వెతుక్కుంటానని పొద్దున్నే వెళ్ళిన మొగుడు సాయంత్రానికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అప్పటినుంచి అక్క దగ్గరే. అక్క వీధి చివరి దాకా వెళ్ళినా గేటు పట్టుకుని నిలబడేది. బాగైన బొమ్మలను వ్యాన్లోకి ఎక్కిస్తున్నప్పుడు లోపలికి వెళ్ళిపోయేది. "వాటికేమన్నా ప్రాణముందా తల్లీ, దుఃఖపడ్డానికి" అని అక్క నవ్వేది.

ఒక రోజు చేతులాయన ఒక బొమ్మను భుజాన వేసుకుని తిరిగి తెచ్చాడు.

"ఇదేంటయ్యా, మొన్ననే కదా పంపాం" అంది అక్క.

"కొట్టు మేనేజరు పంపాడు పెద్దమ్మగారూ. విరగలేదు, పగల్లేదు. కొట్లో ఆడపిల్లలు దీనికి వీపు పెట్టి నిలబడం అంటున్నారంట."

"ఎందుకంట?"

"వెనకనుంచి ఏదో చెప్పబోతున్నట్టు ఉంటుందంట." ఆయన నవ్వబోయి ఆగాడు. "నేనూ దీన్ని వ్యాన్లో ముందు సీట్లో పెట్టుకొచ్చాను. దారంతా నోరు తెరుస్తుందేమోనని ఓ కన్ను ఇటే. మా ఆవిడకన్నా నయం, మాట్లాడలేదు."

"నీ మొహం. దించు."

అక్క బొమ్మ ముఖాన్ని వెలుగులోకి తిప్పింది. దూరంనుంచి చూసింది, దగ్గరనుంచి చూసింది.

"తిన్నగానే ఉంది కదే. నువ్వు చూడు."

చెల్లెలు చూసింది. పెదవి గీత సగం దాకా మామూలుగానే ఉంది. ఒక చివర మాత్రం కిందికి జారింది. తడిసిన దారం కొస వేలాడినట్టు, కొద్దిగా. ఆ కొద్దితో ముఖం రెండు ముఖాలైంది. కుడిపక్క ఇంకా ఈ లోకంలోనే ఉంది. ఎడమపక్క ఎవరో పిలిస్తే అటు తిరిగిపోయింది.

 ఆ మూతి ఆమెకు తెలుసు.

అమ్మ ఒక రోజు పొద్దున జుట్టు దువ్వుకుంటూ "చిన్నదానా, నువ్వూ..." అని ఆగింది. దువ్వెన కిందపడింది. మూతి ఒకపక్కకు జారింది. తర్వాత కొన్నాళ్ళు మంచం మీదే ఉంది. కళ్ళతో చిన్నదాన్నే చూస్తూ, జారిన పెదవిని కదిలిస్తూ, ఆ మాట పూర్తిచేయాలని చూసేది. పూర్తికాకుండానే వెళ్ళిపోయింది. నువ్వూ ఏమిటి? నువ్వూ జాగ్రత్త అనా? నువ్వూ రా అనా? ముసలితనం వచ్చినా చెల్లెలు ఆ మాట కొస పట్టుకుని వేలాడుతూనే ఉంది.

"తిన్నగానే ఉందా, లేదా?" అంది అక్క.

"ఉంది."

"ఆ మేనేజరుకు మొహం మీద ఉన్నవి కళ్ళు కావు, చొక్కా బొత్తాలు." అక్క లేచి పడుకోవడానికి లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం ఎండ గదిలో పలకలా పరుచుకుంది. చెల్లెలు గుడ్డ మీద టర్పెంటైను పోసుకుని ఆ బొమ్మ పెదవిని తుడిచింది. గీత అంత తేలిగ్గా పోలేదు. రుద్దిన కొద్దీ ఎర్రగా పాకి, బొమ్మ ఏదో తిని మూతి తుడుచుకోనట్టు అయింది. మళ్ళీ రుద్దింది. తనకు చేతనైనట్టు తిన్నగా గీసింది. అక్క చేతి గీత కాదది, బతుకు లేని గీత. కానీ తిన్నగా ఉంది. మేనేజరు దాన్ని ఏమీ అనకుండా పెట్టుకున్నాడు.

అప్పటినుంచి ఆమె ప్రతి ముఖాన్నీ చూడసాగింది. కొన్ని చక్కగా ఉండేవి. వరసగా కొన్ని రోజులు అన్నీ బాగుండేవి, భయం తగ్గేది. అంతలో ఒకటి కనిపించేది. గోడ వారగా అన్నిటి మధ్యా నిలబడి, మూతి ఒక చివర జార్చుకుని, చెప్పబోతూ ఉండేది. ఎప్పుడూ అదే వైపు.

అక్క ముఖం వైపు దొంగచాటుగా చూసేది. అన్నం దగ్గర చూసేది, నిద్రలో చూసేది. అక్క మూతి మామూలుగానే ఉండేది. తిట్టడానికి, నమలడానికి దానికి ఏ అడ్డూ లేదు.

"ఏంటే అలా చూస్తావు? నా మొహాన ఏమన్నా రాసుందా?"

"ఏం లేదులే."

అమ్మే వస్తోంది అనుకుంది చెల్లెలు. అద్దంలోంచి వస్తోంది. అక్క ఊపిరి బిగబట్టిన ఆ కాసేపట్లో వచ్చి, తన ముఖాన్ని బొమ్మకు పెట్టి వెళ్తోంది. పెద్దదాన్ని తీసుకుపోవడానికి దారి చూసుకుంటోంది. ఈ సంగతి ఎవరితో చెప్పినా నవ్వుతారు. అక్కతో చెప్తే ముందు నవ్వి, తర్వాత ఆలోచనలో పడుతుంది. అది ఇంకా భయం. అందుకే మధ్యాహ్నాలు అక్క పడుకున్నాక గుడ్డా సీసా తీసుకుని కూర్చునేది. తుడుస్తూ లోగొంతుకతో, "వెళ్ళమ్మా. నాకింక ఇదొక్కతే. దీన్ని ఉండనీ" అనేది. గీత తిన్నగా అయ్యేసరికి గది తేలికపడినట్టు ఉండేది. ఇవాళ్టికి పంపించేశాను అనుకునేది.

ఆ వీధికి క్లినిక్కునుంచి ఒక నర్సమ్మ వస్తూ ఉండేది. నడుస్తూనే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే పట్టీ కడుతుంది. ఒకరోజు అక్క జబ్బకు బీపీ పట్టీ చుట్టి బల్బు నొక్కింది. ముల్లు చూసి మళ్ళీ నొక్కింది.

"పెద్దమ్మా, పైది నూటతొంభై. మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా."

నర్సమ్మ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నీళ్ళు నమిలింది.

"ఎగ్గొడుతున్నావన్నమాట."

"నాకేం బాధ లేదమ్మా. బాధ ఉన్న రోజు వేసుకుంటా."

"బాధ ఉండదు పెద్దమ్మా. అదే దీంతో చిక్కు. తలుపు కొట్టి రాదు. చాప కింద నీరులా లోపల లోపలే తిరుగుతుంది. నాళాలన్నీ గట్టిపడిపోతాయి. ఒకరోజు తలలో ఏదో నాళం పూడుకుపోతుంది, లేకపోతే చిట్లుతుంది. అప్పుడు తెలుస్తుంది. అప్పుడు తెలిసి ఏం లాభం? మాత్రతో తల తిరుగుతుంటే డాక్టరుకు చెప్పు, వేరే మాత్ర ఇస్తారు. మానెయ్యకు, రెండేసి మింగకు."

"సరేలే తల్లీ, తిట్టకు."

నర్సమ్మ గుమ్మం దగ్గర చెల్లెల్ని ఆపింది. "మీ అమ్మగారు పక్షవాతంతోనే కదా పోయింది? ఈమెను కనిపెట్టుకుని ఉండు. మూతి ఒక పక్కకు జారినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆలోచించొద్దు, పెద్దాసుపత్రికి పరిగెత్తు. కాసేపటికి అదే సర్దుకున్నా సరే, పరిగెత్తు. అలా వచ్చి పోయేది పెద్దదానికి ముందు కబురు. ఎంత తొందరగా తీసుకెళ్తే అంత మంచిది. నీ బీపీ కూడా చూడనా?"

"నాకేం లేదమ్మా. ఉంటే గింటే భయం ఒక్కటే."

"భయానికి మాత్రల్లేవు" అని నర్సమ్మ వెళ్ళిపోయింది.

చెల్లెలు గేటు పట్టుకుని నిలబడింది. మూతి జారితే పరిగెత్తమంది. బొమ్మ మూతి జారితే? ఎవరి దగ్గరికి పరిగెత్తాలి? వెనక్కి పిలిచి అడుగుదామనుకుంది. నోరు తెరిచేలోపు నర్సమ్మ మూల తిరిగింది. అడిగినా ఏమంటుంది, ముసలిదానికి మతి పోయింది అంటుంది అనుకుని లోపలికి వచ్చేసింది.

ఆ వారంలో జారిన మూతులు ఎక్కువయ్యాయి. ఒకదాన్ని తుడిచి లేచేసరికి పక్కన ఇంకొకటి. రెండూ ఒకదానికొకటి ఏదో అందించుకుంటున్నట్టు ఉన్నాయి. చెల్లెలు లేచి వెళ్ళి అక్క పనిబల్ల మీది గుండ్రటి అద్దాన్ని తీసి, పాతగుడ్డలో చుట్టి, పుట్టీ డబ్బాల వెనక దాచేసింది. దారి మూసేస్తే అమ్మ రాలేదు కదా.

తెల్లారాక అక్క బల్ల దగ్గర కూర్చుని వెతికింది.

"అద్దం ఏదే?"

"పగిలింది. నా చేతిలోంచి జారింది."

"పగిలిందా? పగిలితే ముక్కలేవి?"

"పారేశాను."

అక్క ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకు అబద్ధం ఆడ్డం ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడూ ఇంతే, చెవులు ఎర్రబడతాయి. సరే. సాయంత్రానికి ఈ తల పంపాలి. రా, నువ్వే కూర్చో ఎదురుగా. నీ మూతి చూసి గీస్తా."

"నా మూతా?"

"నా చెల్లెలివే కదా, ఎక్కణ్ణుంచో తెచ్చిన మూతా అది? కాస్త నవ్వు. అలా కాదే, పన్ను పీకించుకున్నదానిలా కాదు. ఆఁ, అలా ఉంచు. కదలకు."

ఇన్నేళ్ళలో పెదవి గీసేటప్పుడు చెల్లెలు అక్క ఎదుట కూర్చోవడం అదే మొదటిసారి. అక్క ఒడిలో గుండు తల, ఇంకా పెదవులు లేనిది. పక్కన రంగు గిన్నె. అక్క కుంచెను ముంచి, మొన సన్నం చేసి, ఊపిరి బిగబట్టింది.

చెల్లెలు కూడా బిగబట్టింది.

కుంచె ఎడమ చివర కాకుండా మూతి నడిమధ్యలో ఆనింది. అక్కడినుంచి కుడివైపుకు చక్కగా, వెంట్రుకలా సాగింది. చివర ఆగింది. అక్క ఊపిరి వదిలింది.

"అయిపోయింది" అంది.

సగం మూతి. మిగతా సగం ఖాళీ.

"అక్కా, ఎడమపక్క?"

"ఏ పక్క?"

బొమ్మ గడ్డం పట్టుకున్న ఎడమచెయ్యి మెల్లగా వదులైంది. తల ఒడిలో పక్కకు ఒరిగింది. అక్క దాన్ని చూడలేదు. అక్క కళ్ళు రెండూ కుడివైపు గోడ మీద నిలిచాయి, అక్కడ ఎవరో పిలిచినట్టు. చెల్లెలు అప్పుడు బొమ్మను వదిలేసి అక్క ముఖం చూసింది. ఎడమ పెదవి చివర కిందికి జారుతోంది. ఆమె చూస్తుండగానే, నిదానంగా, తడి దారం కొసలా.

తను ఇన్నాళ్ళూ మధ్యాహ్నాలు కూర్చుని తుడిచింది దీన్నే.

"అక్కా! నవ్వు. ఒక్కసారి నవ్వవే!"

"ఎందుకు నవ్వడం? పిచ్చా?" మాట ముద్దగా వచ్చింది. నోట్లో దూది పెట్టుకున్నట్టు. నవ్వింది. సగమే నవ్వింది.

"చేతులెత్తు. రెండూ ఎత్తు."

"ఎత్తానుగా." ఒక్క కుడిచెయ్యే లేచింది.

"లే. ఆసుపత్రికి పోదాం."

"ఆసుపత్రి దేనికి? నాకేమైంది? ఇంకా అన్ని తలలున్నాయి, వీటికి మూతులు నువ్వు పెడతావా?" అని అక్క లేవబోయింది. ఎడమకాలు ఉందన్న సంగతే మరిచిపోయినట్టు లేచింది. చెల్లెలు పట్టుకునే లోపు బల్లకేసి ఒరిగింది. రంగు గిన్నె దొర్లి నేలంతా ఎర్రగా పాకింది.

చెల్లెలు ఎప్పుడూ గట్టిగా అరిచిన మనిషి కాదు. ఆ రోజు అరిచిన అరుపుకు చేతులాయన వ్యాను తలుపు వేయకుండానే లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఆయనకేమీ వివరించాల్సిన పనిలేకపోయింది. అక్క ముఖం చూశాడు. బొమ్మలను మోసినట్టే, ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఒక చెయ్యి వీపు వెనక వేసి ఎత్తాడు.

"బరువుందయ్యా నేను, వదిలెయ్" అంది అక్క ముద్ద ముద్దగా.

"మీకన్నా బరువైనవి మోశా. అవి మీలా సణగవు, అంతే" అన్నాడాయన. 

వ్యాను నిండా కొట్టుకు చేర్చాల్సిన బొమ్మలున్నాయి. దించడానికి వ్యవధి లేదు. వాటి మధ్యనే బొంత పరిచి అక్కను పడుకోబెట్టారు. చెల్లెలు ఆమె తలను ఒడిలోకి తీసుకుంది. వ్యాను కుదిపినప్పుడల్లా చుట్టూ నిలబడ్డ బొమ్మలు ఒకేసారి వంగేవి, ఒకేసారి నిలబడేవి. అన్నిటివీ తిన్నని మూతులే. వాటిలో జారినవన్నీ తను తిన్నగా చేసినవే. అవి పైనుంచి చూస్తున్నాయి, చెప్పడానికి ఏమీ లేకుండా. వాటి నోళ్ళు తనే మూసింది.

"అమ్మ ఏది?" అంది అక్క ఉన్నట్టుండి.

చెల్లెలు అక్క నుదుటి మీద అరచెయ్యి వేసి, వ్యాను తలుపు వైపు వీపు పెట్టి అడ్డంగా కూర్చుంది.

ఆసుపత్రిలో అంతా చకచకా జరిగింది. ఒక డాక్టరమ్మ వచ్చింది, చిన్న వయసే. "ఎప్పుడు మొదలైంది? చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?" అని అడిగింది.

"నా ఎదురుగానే మొదలైంది. ఇప్పుడే. ఇంటినుంచి ఇటే వచ్చాం."

"ఖచ్చితంగా?"

"ఆమె మూతి వైపే చూస్తున్నానమ్మా."

తలకు స్కాను తీశారు. లోపల నాళమేదీ చిట్లలేదు, రక్తం గడ్డకట్టి అడ్డుపడింది అన్నారు. గడ్డను కరిగించే మందు ఉంది, కానీ బీపీ ఇంత ఎక్కువగా ఉండగా ఎక్కిస్తే తలలో రక్తస్రావం అయ్యే ప్రమాదం. ముందు అది దిగాలి. దించడానికి సెలైన్ గొట్టంలోంచి ఏదో ఇచ్చారు. అక్క జబ్బకు కట్టిన పట్టీ దానంతటదే ఉబ్బేది, బుసకొడుతూ దిగేది, తెర మీద అంకె మారేది. చెల్లెలు మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఆ అంకెనే చూసింది. అది దిగితే అక్క ఉంటుంది. దిగకపోతే ఆలస్యమైపోతుంది. ఇన్నేళ్ళు తమ ఇంట్లో, తమ మధ్యే తిరిగి, ఒక్క చప్పుడైనా చేయని దాన్ని మొదటిసారి కళ్ళతో చూస్తోంది. అది ఒక ఎర్ర అంకె. దిగింది. మళ్ళీ ఎక్కింది. పట్టీ ఉబ్బింది. చెల్లెలు పిడికిళ్ళు బిగించి, ఎవరినో తెలియకుండానే, "దిగు, దిగు" అంటోంది. మెట్ల మీద మొండిగా నిలబడ్డ పిల్లను బతిమాలినట్టు.

దిగింది.

"ఎక్కించండి" అంది డాక్టరమ్మ.

సగం గండం గడిచాక ఆవిడ చెల్లెల్ని పక్కకు పిలిచింది. "సమయానికి తెచ్చారు. ప్రాణానికి ఇప్పుడైతే భయం లేదు. ఎడమవైపు ఎంత తిరిగొస్తుందో చూడాలి. ఇంతకు ముందు ఎప్పుడైనా, కాసేపైనా సరే, ఇలా మూతి జారడం చూశారా?"

"ఆమెది చూడలేదు. బొమ్మలది చూశాను."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. చెల్లెలు చెప్పింది. అద్దం సంగతి, గీసే రోజు మాత్ర మానేయడం, సాయంత్రానికి తిన్నగా ఉండే అక్క ముఖం, మధ్యాహ్నాలు తను కూర్చుని తుడవడం. అమ్మ సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"ఆ కాసేపూ నిజంగానే ఆమె మూతి జారేదమ్మా. అద్దంలో ఎలా కనపడితే అలా గీసింది. తనకు జారిందని తనకే తెలిసి ఉండదు. అలా జారినప్పుడు గీసిన వాటిలో తన వంకే పడి ఉంటుంది." ఆవిడ ఇంకేదో అనబోయి, చెల్లెలి ముఖం చూసి మానేసింది. "వెళ్ళి కూర్చోండి. మీ బీపీ కూడా చూపించుకోవాలి, ఇవాళే."

మర్నాడు పొద్దెక్కాక లోపలికి వెళ్ళనిచ్చారు. వార్డులో మంచాలన్నీ తెల్లగా ఉన్నాయి. అక్క తల కుడివైపుకు తిప్పుకుని పడుకుంది. చెల్లెలు ఎడమవైపునుంచి పలకరించింది. అక్క చూడలేదు. మంచం చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్ళాక, అప్పుడే గాల్లోంచి ఊడిపడ్డట్టు చూసింది.

"ఎప్పుడొచ్చావే?" మాట ఇంకా కాస్త ముద్దగానే ఉంది. మూతి జారే ఉంది.

"ఇప్పుడే. ఎలా ఉందక్కా?"

"నాకేం, బాగానే ఉన్నా. మీరే గోల చేసి తెచ్చారు." అక్క గొంతు తగ్గించింది. "ఇటు రా. ఒక సంగతి చెప్పాలి. నా పక్కలో ఎవరిదో చెయ్యి పెట్టి వెళ్ళారే."

"ఏ చెయ్యి?"

"ఇదిగో." అక్క దుప్పటి కింద కుడిచేత్తో తడిమి, తన ఎడమ మణికట్టు పట్టుకుని పైకి ఎత్తింది. వేళ్ళు వాలిపోయి ఉన్నాయి. "చేతులాయన మరిచిపోయి ఉంటాడు. చూడు, గోళ్ళు ఎంత బాగా చేశారో. ముడతలు కూడా పెట్టారు. మన పని కాదిది."

 పక్క మంచం దగ్గరున్న నర్సు వచ్చి చెవిలో చెప్పింది. మెదడులో కుడిపక్కన దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి ఇలా అవుతుంది, కొన్నాళ్ళకు తగ్గుతుంది, వాదించొద్దు.

"అది నీదే అక్కా" అంది చెల్లెలు, ఉండబట్టలేక.

"నాదైతే నాకు తెలీదా? నా చెయ్యి నా దగ్గరే ఉంది." కుడిచెయ్యి ఊపి చూపించింది. ఎడమది దుప్పటి మీద మెత్తగా పడింది. "తీసుకుపో దీన్ని. ఇక్కడుంటే మంచిది కాదు. ఎవరిదో వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు."

చెల్లెలు తలుపు వైపు చూసింది. వరండాలో ఎవరో నడుస్తున్న చప్పుడైంది. దగ్గరకొచ్చింది. కాసేపు ఆగినట్టై, ముందుకు వెళ్ళిపోయింది.

"వస్తారే" అంది అక్క. "తీసుకుపో."

"ఎవరూ రారు. అది నాదే అక్కా."

అక్క చాలాసేపు ఆమెనే చూసింది. నమ్మడానికి లోపల ఏదో జరుపుకుంటున్నట్టు చూసింది.

"నీదా?"

"నాదే."

"మరి ముందే చెప్పవేం? ఊరికే హడలిపోయాను." అక్క కుడిచేత్తో ఆ చేతిని మళ్ళీ అందుకుని గుండెల మీదికి లాక్కుంది. బొటనవేలితో దాని వేళ్ళ వెనక రుద్దసాగింది. "ఇంత చల్లగా ఉందేంటే? భయపడ్డావా?"

"ఊఁ."

"పిచ్చిదానా. సర్లే, ఇక్కడే ఉండనీ. నేను పట్టుకుంటా. నువ్వు ఎక్కడికీ పోకు."

చెల్లెలు తన రెండు చేతులూ వెనక్కి దాచుకుని, కదలకుండా నిలబడింది.